మామయ్యకు పెట్టిన దండం

బెంగుళూరు,
ఆదివారం.

విజయక్కకు,

నీ చెల్లెలు ఝాన్సీ బెంగుళూరు నుంచి రాస్తున్నది. నమస్కారాలు అని మొదలుపెట్టబోయి పెన్ను ఆపాను. ఎందుకో ఈ ఉత్తరం చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది, కోపం తెచ్చుకోవద్దు. ఇక్కడ నేనూ మీ మరిదీ క్షేమం. మామయ్య కూడా మా దగ్గరే ఉన్నారు. పత్తి తీతలు మొదలయ్యేదాకా ఉంటానన్నారు. నువ్వూ బావగారూ ఎట్లా ఉన్నారు? అమ్మ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? నరసరావుపేట డాక్టరు రాసిన మందులు వేసుకుంటుందా, లేక తగ్గిందని మానేసి దిండు కింద దాస్తోందా? ఒకసారి దిండు ఎత్తి చూడు.

మొన్న నువ్వు ఫోన్ చేసి చెప్పిన మాటకు నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. క్రోసూరు పెళ్ళిలో అందరూ నా గురించే మాట్లాడుకున్నారన్నావు. "ప్యాంటు వేసుకొని, నడుముకు తాళ్ళు కట్టుకొని రాళ్ళ దగ్గర ఉండి కూడా, మామగారు కనపడంగానే రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టిందంట. పెంపకం అంటే అట్టా ఉండాలి" అని పెద్దవాళ్ళు అంటుంటే నీకు కళ్ళు చెమర్చాయన్నావు. నేను ఊఁ, ఊఁ అని ఫోన్ పెట్టేశాను. చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ నేను ఏడుపు మొదలుపెడితే నువ్వు మధ్యలో ఆపి ఓదారుస్తావు. చిన్నప్పటి నుంచీ నీకు అదే అలవాటు. ఇప్పుడు నాకు ఓదార్పు వద్దక్కా. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరాన్ని మధ్యలో ఆపలేవు.

ఇక్కడికొచ్చిన కొత్తలో ఎంత ఒంటరిగా ఉందో నీకు చెప్పాను కదా. మీ మరిది ఫ్యాక్టరీకి వెళ్తే చీకటి పడ్డాకే రావడం. అబ్బాయి హాస్టల్లో. మా అంతస్తులో ఎదురింటివాళ్ళు కనపడితే నవ్వుతారు గానీ తలుపు వేసేసుకుంటారు. సాయంత్రమయ్యేసరికి వాన, వాన ఆగితే చలి. హోటల్లో సాంబారులో బెల్లం వేస్తారు, ఇప్పటికీ నాకు అది అలవాటు కాలేదు. మన కారం తినకపోతే నాలుక మొద్దుబారిపోయినట్టుంటుంది. మాట్లాడే మనిషి లేక నేను కూరగాయల బండి అతనితో కూడా మన ఊరి వాన సంగతులు చెప్పేదాన్ని. పాపం, అతనికి తెలుగు రాదు.

అట్లాంటప్పుడు దొరికింది చంద్రకళ. మా వీధి చివర బట్టలు కుట్టే షాపు ఆమెది. వాళ్ళది కోలారు వైపు, ఇంట్లో తెలుగే. భర్త లేడు, కూతురు పెళ్ళి చేసుకొని మైసూరులో ఉంటుంది. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వెళ్ళి మధ్యాహ్నమంతా అక్కడే కూర్చున్నాను. మర్నాడు ఏ పనీ లేకపోయినా వెళ్ళాను. కొన్నాళ్ళకు ఆమే, "ఎప్పుడూ నేల మీదే కూర్చుంటే నడుం పట్టేస్తుంది, ఆదివారం నాతో రా" అని ఒక పెద్ద షెడ్డుకు తీసుకుపోయింది. లోపల గోడ నిండా రంగురంగుల ప్లాస్టిక్ పట్లు బిగించి ఉన్నాయి. వాటిని పట్టుకొని, వాటి మీద కాలు పెట్టి పైదాకా ఎక్కాలి. నడుముకీ తొడలకీ బెల్టు కట్టి, దానికి తాడు ముడి వేస్తారు. తాడు పైన కొక్కెంలోంచి తిరిగి కిందికి వస్తుంది. ఆ కొసను కింద ఒక మనిషి తన బెల్టుకున్న కొక్కెంలోంచి లాగి పట్టుకుంటుంది. మనం జారినా ఆ మనిషి పట్టుకొని ఉంటే పడం. ఎక్కడం అయ్యాక ఆ మనిషే మనల్ని మెల్లగా దింపుతుంది.

మొదటి రోజు సంగతి చెబితే నవ్వుతావు. నలభై దాటిన ఒళ్ళు, చుడీదారు మీద ఆ బెల్టు, బస్తాకు దారం కట్టినట్టు ఉన్నాను. పక్కన స్కూలు పిల్లలు ఉడతల్లా ఎక్కి దిగుతున్నారు. నేను ఇద్దరు మనుషుల ఎత్తు ఎక్కి ఇరుక్కుపోయాను. కుడికాలు చంద్రకళ మిషను సూదిలాగా టకటకా వణకడం మొదలుపెట్టింది. కింద నుంచి కోచ్ "చేతులు వదిలేసి తాడులో కూర్చోండి" అంటాడు. చేతులు వదలమంటే ఎట్లా వదులుతాం? "నేను దిగను, నన్ను ఎవరైనా వచ్చి దించండి" అని తెలుగులో అరిచాను. షెడ్డంతా నా వైపే చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ మళ్ళీ ఆదివారం వెళ్ళాను, ఆ పై ఆదివారం కూడా. చేతుల తోలు గట్టిపడింది. ఒంట్లో ఎక్కడో నిద్రపోయిన మనిషి లేచినట్టు ఉండేది. నువ్వు గమనించావో లేదో, ఆ నెలల్లో నీకు చేసిన ఫోన్లలో నేను ఒక్కసారి కూడా ఏడవలేదు.

ఎక్కడం కంటే కింద తాడు పట్టుకోవడం పెద్ద పని అని కోచ్ చెప్పేవాడు. కుడిచెయ్యి తాడు మీంచి తియ్యకూడదు. ముక్కు దురద పెట్టినా తియ్యకూడదు, ఫోన్ మోగినా తియ్యకూడదు. కొత్తవాళ్ళు పట్టుకుంటే వెనక ఇంకొక మనిషి తాడు కొస పట్టుకొని నిలబడాలి. నేను ఈ పని బాగా చేస్తానని పేరు తెచ్చుకున్నాను. ఒకసారి బుగ్గ మీద దోమ వాలి కడుపు నిండా తాగి పోయింది గానీ నేను కదల్లేదు. చంద్రకళ పైనుంచి దిగాక నా బుగ్గ చూసి, "నీ చేతుల్లో ఉంటే నేను మంచం మీద పడుకున్నట్టే" అంది. ఆ మాటకు పొంగిపోయాను. మన ఊళ్ళో గానీ అత్తగారింట్లో గానీ నా చేతుల గురించి అట్లా అన్నవాళ్ళు లేరు.

తర్వాత ఊరి బయట నిజం రాళ్ళ గుట్టలకు తీసుకుపోవడం మొదలుపెట్టారు. అట్లాంటి ఒక ఆదివారం మామయ్య మన వైపు నుంచి రైల్లో వస్తున్నారు. ఇంటికి తీసుకెళ్ళి కాఫీ ఇవ్వమని మీ మరిదికి చెప్పి నేను గుట్టకు పోయాను. చెప్పకుండా ఉండాల్సింది, లేదా పోకుండా ఉండాల్సింది. స్టేషన్లో దిగంగానే మామయ్య అడిగారట.

"ఏంది అబ్బాయ్, కోడలు కనపడదే?"

"కొండెక్కడానికి పోయింది నాన్నా."

"ఏ కొండ? పైన ఏ సామి?"

"సామి లేడు. ఊరికే ఎక్కుతారు."

"ఊరికే ఎట్టా ఎక్కుతారు? పద, చూద్దాం."

అప్పుడు నేను కింద తాడు పట్టుకొని ఉన్నాను. చంద్రకళ పైదాకా ఎక్కి, చేతులు వదిలి తాడులో కూర్చొని దిగుతోంది. అంటే ఆమె బరువంతా నా చేతుల్లోనే ఉంది. నా వెనక కొస పట్టుకునే అమ్మాయిని, "నాకు అవసరం లేదులే, నువ్వు వాళ్ళకు సాయం చెయ్యి" అని నేనే పంపించాను. అంత గొప్ప నాకు. చంద్రకళ ఒక మేడ ఎత్తున ఉండగా పక్కనుంచి "ఏమ్మా ఝాన్సీ" అని వినపడింది. తిరిగి చూస్తే తెల్లపంచె, కండువా, మామయ్య.

అక్కా, ఆయన రెండుసార్లు ప్రెసిడెంటుగా చేసిన మనిషి. మా అత్తగారి ఊళ్ళో ఆయన వీధిలో వస్తుంటే ఆడవాళ్ళు బిందె కింద పెట్టి చేతులు జోడిస్తారు. ఒంటి చేత్తో దండం పెడితే అమ్మ మన వీపు మీద ఒకటి వేసేది, గుర్తుందా? చేతిలో ఏముంటే అది దించి, రెండు చేతులూ కలిపి, తల వంచి పెట్టాలి. నేను ఆలోచించలేదక్కా. ఆలోచించి ఉంటే వదిలేదాన్ని కాదు. పైట సర్దుకోబోయాను. అక్కడ పైట లేదు. ఆ సిగ్గులోనే రెండు చేతులూ ఎత్తి, కలిపి, "నమస్కారం మామయ్యా" అన్నాను.

తాడు బుస్సుమంది. వెంటనే పట్టుకున్నాను గానీ అరచేతుల తోలు తాడుతో పాటు పోయింది. నేను పట్టుకునేసరికే చంద్రకళ రాతి మీద పడింది. కుడికాలు మడమ దగ్గర వంకరగా ఉంది. ఆమె అరవలేదు. నోరు తెరిచి ఉంది, శబ్దం రాలేదు. మామయ్యే ముందు పరుగెత్తారు. తన కండువా తీసి, ఒక కర్ర పెట్టి ఆమె కాలికి కట్టు కట్టారు. కోచ్ పరుగెత్తుకొచ్చి ఏం జరిగిందని అడిగాడు.

"తాడు జారింది సార్" అన్నాను.

చంద్రకళ కళ్ళు మూసుకొనే, "అవును, జారింది" అంది. ఆమెకు తెలియదనుకున్నాను. దేవుడి దయ అనుకున్నాను కూడా. అట్లా అనుకున్నందుకు ఇప్పుడు నా మొహం నాకే చూడబుద్ధి కావడం లేదు.

ఎముక విరిగింది, కట్టు వేశారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక మామయ్య ఊరికి ఫోన్ చేశారు. నేను అరచేతులకు మందు రాసుకుంటూ లోపల్నుంచి విన్నాను. ముందు నేను పెట్టిన దండం గురించి చెప్పారు. అది చెప్పి, మళ్ళీ చెప్పి, ఎవరో దగ్గరకొస్తే వాళ్ళకు కూడా మొదట్నుంచి చెప్పారు. చంద్రకళ కాలు సంగతి చివర్లో, "పాపం, ఎవరో అమ్మాయికి తాడు జారిందంట" అని. నీకు పెళ్ళిలో చేరిన కథ అదే. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, అదే నా బాధ.

కుట్టుపనికి ఆమెకు కుడికాలే కావాలి, మోటారు పెడల్ తొక్కేది దానితోనే. ఆమె మళ్ళీ షాపు తెరిచిన రోజు నుంచి నేనూ వెళ్తున్నాను. ఆమె కాలు స్టూలు మీద పెట్టుకొని బట్ట కత్తిరిస్తుంది, నేను ఆమె గీసిన గీత మీద కుడతాను. నాకు హుక్కులు వెయ్యడం, అంచు మడవడం తప్ప ఏమొచ్చు? ఒకామె జాకెట్టుకు చెయ్యి తిరగేసి అతికించాను. చంద్రకళ ఏమీ అనకుండా బ్లేడు ఇచ్చింది, మొత్తం విప్పి మళ్ళీ కుట్టాను. ముందున్న కబుర్లు లేవు. ఆమె కొలతలు చెబుతుంది, నేను ఊఁ అంటాను. రోజూ ఈరోజు చెప్పేయాలి అనుకొని వెళ్ళడం, ఎవరో ఒకరు చీర ఫాల్ అంటూ రాగానే హమ్మయ్య అనుకోవడం. చివరికి ఒక మధ్యాహ్నం వానకు ఎవరూ రాలేదు. మిషను ఆపాను.

"చంద్రకళా, ఆ రోజు తాడు జారలేదు. నేనే వదిలా."

ఆమె కత్తెర ఆపలేదు. "తెలుసు. నేను కిందికే చూస్తున్నా. నీ రెండు చేతులూ కనపడినాయి."

"మరి జారిందని ఎందుకు చెప్పావు?"

"మీ మామగారి ముందు నీ పరువు పోతుందని." బట్ట చివరిదాకా కత్తిరించి పక్కన పెట్టింది. "ఆయన కోసం నువ్వు నన్ను వదిలినావు, నీ కోసం నేను అబద్ధం చెప్పినా. ఇద్దరమూ మర్యాదస్తులమే."

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "పెడల్ తొక్కు, సాయంత్రం ఆమె వస్తుంది జాకెట్టు కోసం" అంది.

ఆ ఆదివారం షెడ్డుకు వెళ్ళి కోచ్‌కు చెప్పాను. అతను అరుస్తాడనుకున్నాను. అరవలేదు. అందరినీ పిలిచి, "ఏం జరిగిందో మీరే చెప్పండి" అన్నాడు. పిల్లల ముందు, నా కొడుకు వయసు వాళ్ళ ముందు నిలబడి చెప్పాను. దండం పెట్టానంటే ఒకళ్ళిద్దరికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. "మళ్ళీ మొదటి రోజు నుంచి నేర్చుకోవాలి, వెనక మనిషి లేకుండా తాడు ముట్టుకోకూడదు" అన్నాడు కోచ్. సరేనన్నాను.

మామయ్యకు చెప్పడమే కష్టమైంది. కాఫీ గ్లాసు ఇచ్చి, అక్కడే నిలబడి మొత్తం చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టేశారు.

"అయితే నన్ను చూసే వదిలావంటావు."

"అవును మామయ్యా."

"నా మీద పెడతన్నావా ఏంది?"

"లేదు మామయ్యా. తప్పు నాదే."

 నేను లోపలికి పోబోతుంటే గట్టిగా అన్నారు. "ఆ బిడ్డ పాణం నీ చేతుల్లో పెట్టి దిగతా ఉంటే నాకు దణ్ణమేందే? నేనేమన్నా అడిగానా? నేను చానా దణ్ణాలు చూశాలే, ఒకటి తగ్గితే చచ్చిపోతానా?"

ఇన్నేళ్ళూ ఆయన ఎదురుపడితే ఒళ్ళంతా బిగుసుకుపోయేదాన్ని. ఏ ఒక్క మర్యాద తగ్గినా ఏమంటారో అని భయం. ఆయన అడగనే అడగని దాని కోసం నన్ను నమ్మిన ఒక్క మనిషిని కింద పడేశాను. దానికి మామయ్య ఎంత తిట్టినా తక్కువే. కానీ ఊరికి మాత్రం ఆయన ఇంతవరకు మళ్ళీ ఫోన్ చేసి చెప్పలేదు. అంత గొప్పగా చెప్పుకున్నది మార్చి చెప్పాలంటే ఆయనకూ కష్టమే, నేను బలవంతం చేయడం లేదు. కాబట్టి ఆ పని నీకు అప్పగిస్తున్నాను. ఈసారి ఎవరైనా నా పెంపకం గురించి నీ దగ్గర మాట్లాడితే, చంద్రకళ కాలు గురించి కూడా చెప్పు. నాకు పరువు తక్కువ అవుతుందని దాచొద్దు.

ఈ రోజు సంగతి చెప్పి ఆపుతాను. చంద్రకళ కట్టు విప్పారు, నడుస్తోంది, కాస్త కుంటుతుంది. ఎక్కడానికి డాక్టరు ఇంకా ఒప్పుకోలేదు. అయినా ఈ ఉదయం, "ఊరికే చూస్తా" అని నాతో షెడ్డుకు వచ్చింది. దారిలో ధైర్యం చేసి అడిగాను.

"నువ్వు మళ్ళీ ఎక్కేటప్పుడు తాడు నాకు ఇస్తావా?"

"ఇవ్వను" అంది. ఒక్క క్షణం కూడా ఆగలేదు. కొంచెం దూరం నడిచాక, "కోపం కాదు ఝాన్సీ. పైన ఉన్నప్పుడు నా ధ్యాస గోడ మీద ఉండాలి. నీ చేతులు ఎక్కడున్నాయో అని చూసుకుంటా కూర్చోలేను" అంది.

నేను తలూపాను.

లోపలికి వెళ్ళాక ఆమే బెల్టు కట్టుకుంది. "నువ్వెక్కు. నేను పట్టుకుంటా" అంది. కోచ్ నా వైపు, ఆమె కాలు వైపు చూసి, వెనక కొస పట్టుకోవడానికి తనే నిలబడ్డాడు. వద్దనాలని ఉంది, వద్దంటే అది కూడా ఆమెకు అవమానమే. ఎక్కాను. ఇన్ని వారాలుగా ఎక్కక చేతుల్లో బలం సన్నగిల్లింది. సగం పైన మొదటి రోజులాగే కాలు వణకడం మొదలైంది, పట్టు దొరకడం లేదు. కింద నుంచి, "వదిలెయ్, కూర్చో. నేనున్నా" అని చంద్రకళ గొంతు. వదిలేశాను. తాడు బిగిసింది, ఒక్క జానెడు కూడా కిందికి జారలేదు. అట్లా వేలాడుతూ తల వంచి చూశాను. ఆమె నన్ను చూడటం లేదు, తాడునే చూస్తోంది. బరువంతా మంచి కాలి మీద వేసుకొని నిలబడింది. ఎవరో ఆమెను పేరు పెట్టి పిలిచారు, తల కూడా తిప్పలేదు.

ఆమె చేతుల్లో వేలాడుతుంటే ఎంత నిశ్చింతగా ఉందో అంత సిగ్గుగా ఉందక్కా. కిందికి దించమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమే మెల్లగా, మెల్లగా దించింది.

ఈ ఉత్తరం అమ్మకు పూర్తిగా చదివి వినిపించు, ఏదీ దాటెయ్యొద్దు. పండుమిరపకాయ పచ్చడి పెడితే రెండు సీసాలు పంపండి, ఒకటి చంద్రకళకు. వాళ్ళింట్లో కారం బాగానే తింటారు. బావగారిని అడిగానని చెప్పు. ఊళ్ళో పెద్దలందరినీ పేరు పేరునా అడిగినట్టు చెప్పు. అమ్మను ముందు నన్ను తనివితీరా తిట్టమను, ఇంకా ఓపిక ఉంటే అప్పుడు దీవించమను.

నీ చెల్లెలు,
ఝాన్సీ